నిప్పుల మొగుడు, పచ్చ సాసు

పెళ్ళయి రెండు నెలలు నిండకముందే లిఫ్టు మెకానిక్కుకి కడుపుమంట పట్టుకుంది. తిండి పడక వచ్చింది కాదు, మాత్ర వేసుకుంటే పోయేదీ కాదు. ఆదివారం పూట అతని పెళ్ళాం గాజు గిన్నెలో పచ్చ సాసు తెచ్చి, మేడ మీద బల్లకి నడిమధ్య పెడుతుందే, ఆ గిన్నెని చూస్తే వచ్చే మంట అది.

పెళ్ళాం మీద కాదు సుమా. ఆమె అంటే అతనికి పిచ్చి ఇష్టం. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని నిలబడి ఉంటే చూసి పొద్దున్నే నవ్వుకునే రకం. పనిముట్ల సంచిలో స్క్రూడ్రైవరు కోసం చెయ్యి పెడితే ఆమె జడ క్లిప్పు తగిలిందని, ఆ రోజంతా దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. ఆమె నీళ్ళు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తుంది. ఇంట్లో కూడా గ్లాసుని ఒకసారి వెలుతురుకి ఎత్తి చూసుకుని గానీ తాగదు. అది చూసి కూడా మురిసిపోయేవాడు. అలాంటి మనిషికి ఆమె చేతి సాసంటే ఒళ్ళు మంట. ఎందుకో తెలియాలంటే అతని ఆదివారాల సంగతి తెలియాలి.

వారమంతా అతను జనాన్ని పైకీ కిందికీ చేరవేసే పెట్టెల్ని బాగుచేస్తాడు. గ్రీజూ, తీగలూ, చీకటి గొయ్యీ. లిఫ్టు ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్ళు బయటపడగానే తిట్టేది అతన్నే. బాగుచేసినందుకు మెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు. నడిచే లిఫ్టు వంక ఎవరు చూస్తారు కనుక. అందుకే ఆదివారం మీద అతనికి అంత మమకారం. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒక పొయ్యి ఉంది. పాత ఇనప డ్రమ్ముని పొడుగునా రెండుగా కోసి, కాళ్ళు అతికించి, పైన ఊచలు పరిచి తనే చేసుకున్నాడు. దాని ముందు పట్టకారు పట్టుకుని నిలబడ్డాడంటే ఇక అతను మెకానిక్కు కాదు, చుట్టాలందరికీ నిప్పుల రాజు.

చుట్టాలంటే ఊరందరూ కాదు. అక్క, ఆమె భర్త, బాబాయి. అక్క మొగుడు పళ్ళ డాక్టరు. బాబాయి బస్సు డిపోలో గుమాస్తా. ఆయనవి కట్టుడు పళ్ళు, అవి కట్టింది ఆ డాక్టరే. ఈ ముగ్గురూ ఏళ్ళ తరబడి ఆదివారం మధ్యాహ్నం వచ్చి పిట్టగోడ నీడన కూర్చునేవాళ్ళు. మెకానిక్కు మందపాటి మాంసం ముక్కలకి ఉప్పూ మిరియాలూ రాసి ఊచల మీద పరిచేవాడు. మధ్యమధ్యలో అట్లకాడతో ముక్కని గట్టిగా అదిమేవాడు. రసం నిప్పుల మీద పడి సుయ్యిమనేది. పొగ గుప్పున లేచేది. చూసేవాళ్ళు తలలు వెనక్కి తీసుకునేవాళ్ళు. ఆ చప్పుడంటే అతనికి ప్రాణం. ఎంత ఎక్కువ సుయ్యిమంటే అంత బాగా కాలుతున్నట్టు లెక్క.

ఇక తినేటప్పుడు చూడాలి. ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఎప్పుడూ గలగలమనే అక్క కూడా పళ్ళెం వంకే చూస్తూ ఉండిపోయేది. ఆ మౌనాన్ని మెకానిక్కు పొయ్యి దగ్గర నిలబడి, కాళ్ళ కింద నేల తగలనంత సంతోషంగా వినేవాడు. సంగీతం వినేవాడు కూడా మధ్యలో దగ్గుతాడు. తన మాంసం తినేవాళ్ళకి దగ్గేంత తీరిక కూడా ఉండదు. తను మాత్రం వాళ్ళతో కూర్చునేవాడు కాదు. కాల్చేవాడు నిలబడే తింటాడు. అంచుల్లో కరకరలాడే సన్నటి పీలికలు రెండు మూడు నోట్లో వేసుకుంటే అతని భోజనం అయిపోయేది.

"నీ చేతి మాంసం తింటే రెండు రోజులు గుర్తుంటుంది బామ్మర్దీ," అనేవాడు పళ్ళ డాక్టరు, దవడ నిమురుకుంటూ.

"మా తమ్ముడు కాల్చాక ఇంక మాటల్లేవు," అనేది అక్క.

"నాకు ఒక ముక్క చాల్రా. మిగతావి ఇంటికి కట్టివ్వు," అనేవాడు బాబాయి.

ఈ మెప్పులన్నీ మెకానిక్కు మనసులో భద్రంగా దాచుకున్నాడు. వారమంతా తిట్లు తినడానికి అవే బలం.

పెళ్ళయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, కొత్త పెళ్ళికూతురికి అన్నిటికన్నా పెద్ద ముక్క వేశాడు. ఆమె ఒక తుంపు నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూనే ఉంది. చివరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత నచ్చిందా అనుకుని అతను పొంగిపోయాడు.

రెండో ఆదివారం ఆమె గిన్నె పట్టుకుని మేడెక్కింది.

ఆ సాసు చేసే తీరు చూడటం ఒక ముచ్చటే, ఆ సంగతి మెకానిక్కు కూడా కాదనలేడు. వంటింటి కిటికీ గట్టు మీద పాత రంగు డబ్బాల్లో ఆమె కొత్తిమీర, పుదీనా పెంచుతోంది. తినబోయే ముందు కోసి, కడిగి, గుడ్డలో చుట్టి గాలిలో విదిలిస్తుంది. చల్లటి తుంపర పక్కనున్న అతని మొహం మీద పడుతుంది. లేత కాడలతో సహా ఆకుని గుప్పెటతో దగ్గరికి పట్టి, పెద్ద కత్తితో సన్నగా తరుగుతుంది. వెల్లుల్లి రెబ్బలకి కాస్త కల్లుప్పు అద్ది, కత్తిని పక్కకి వాల్చి మెత్తగా నూరుతుంది. గింజలు తీసేసిన పచ్చిమిరపకాయలు, ఆకు మునిగేంత నూనె. నిమ్మకాయ మాత్రం మేడ మీదకి వెళ్ళాకే పిండుతుంది.

"మిక్సీలో వేస్తే క్షణంలో అయిపోతుందిగా," అన్నాడు అతను ఒకసారి.

"నలిగి నల్లబడుతుందండీ. కత్తితో తరిగితే ఆకు ఆకులాగే ఉంటుంది. వాసన చూడండి," అని తన వేళ్ళు అతని ముక్కు దగ్గర పెట్టింది. ఆ వేళ్ళని ముద్దు పెట్టుకున్నాడు. ఆ క్షణంలో ఈర్ష్య గుర్తు రాలేదు. మేడెక్కాకే గుర్తొచ్చేది.

ఎందుకంటే ఆ గిన్నె వచ్చిన రోజు నుంచి ఆదివారాల రంగు మారిపోయింది. ముక్కని ముక్కలు చేసి, ఒక్కో తుంపునీ సాసులో ముంచి, నోట్లో వేసుకుని, వెంటనే మాటల్లో పడేవాళ్ళు. పళ్ళ డాక్టరు తన వేలు కొరికిన పేషెంటు కథ మొదలుపెట్టేవాడు. అక్క అందుకునేది. బాబాయి నవ్వి నవ్వి పళ్ళు జారకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఇంత గోలలో మాంసం రుచి ఎవడికి తెలుస్తుంది? తన మాంసం ఎదుట గుడిలోలాగా కూర్చునే మనుషులు ఇప్పుడు సంతలోలాగా అరుచుకుంటున్నారు. ఈ సాసు వచ్చి వాళ్ళ శ్రద్ధంతా పాడుచేసింది, అనుకున్నాడు.

పైగా మెప్పంతా అటే పోయింది.

"ఇంకొంచెం వెయ్యమ్మా కోడలా," అంటూ బాబాయి గిన్నె అడుగు గీకేవాడు. "అమ్మాయ్, కాస్త సీసాలో పోసివ్వు," అనేది అక్క. ఇంటికి కట్టివ్వమని మాంసం అడిగినవాళ్ళు లేరు. అతను కావాలని పక్కన నిలబడి అట్లకాడతో రెండింతలు గట్టిగా అదిమినా, ఆ సుయ్యి వైపు ఒక్కరూ తల తిప్పలేదు. అతని భార్య మాత్రం, ఎవరో గిల్లినట్టు కళ్ళు చిట్లించింది. చూశావా, నా వైపు చూపు పోతుందని దీనికి బాధ, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు కాసేపు సిగ్గుపడ్డాడు. మళ్ళీ అనుకున్నాడు.

కుళ్ళు అలాంటిది. ఒకసారి మొదలైతే అన్నిట్లోనూ అదే కనబడుతుంది. శనివారం కిటికీ దగ్గర నిలబడి ఆమె కొత్తిమీరకి నీళ్ళు చల్లుతుంటే, తన వంక కంటే ఆ డబ్బాల వంకే మురిపెంగా చూస్తోందనిపించింది. అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపొస్తాం గానీ, సాసు ఉంటుందిగా?"

"మాంసం ఉంటుంది," అన్నాడు బిగుసుకుపోయి.

"అదెప్పుడూ ఉండేదే లేరా."

ఎప్పుడూ ఉండేదే. ఆ మాట రాత్రంతా చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

మర్నాడు బాబాయి ఇంకో కబురుతో వచ్చాడు. వచ్చే నెల డిపోలో ఆయన పదవీ విరమణ. ఆఫీసువాళ్ళందరికీ ఈ మేడ మీదే విందు పెడతాడట. మెకానిక్కు ముఖం వెలిగిపోయింది. డిపో మొత్తం చూస్తుండగా పొయ్యి ముందు నిలబడటం అప్పుడే కళ్ళకి కట్టింది.

"ఆ రోజు కోడలు సెలవు పెట్టాలి," అన్నాడు బాబాయి. "సాసు బిందెడు కావాలి మరి. మాంసం సంగతి కంగారు లేదు, ఎవడో ఒకడు కాలుస్తాడు. పనివాడిని మాట్లాడదాం. నువ్వు హాయిగా వచ్చి తినరా, సాసు రాణిగారి మొగుడివి."

అందరూ నవ్వారు. మెకానిక్కు కూడా నవ్వాడు. నవ్వుతూనే ముఖం మాడిపోయింది. ఎవడో ఒకడు. ఇన్నేళ్ళుగా తను నిలబడ్డ చోట ఎవడో ఒకడు. పొయ్యి కూడా పోతే ఇక తనకి మిగిలేది లిఫ్టు గొయ్యే.

ఆ వారమంతా అతను ఒకటే ఆలోచించాడు. సాసు లేకుండా ఒక్కసారి, ఒక్కసారి వాళ్ళు వట్టి మాంసం తినాలి. పాత మౌనం మళ్ళీ రావాలి. అప్పుడు బాబాయికే తెలిసొస్తుంది, విందుకి ఎవరు కావాలో.

ఆదివారం ఆమె సాసు కలిపి, గిన్నెకి మూత బిగించి, నిమ్మకాయలు తేవడానికి లోపలికి వెళ్ళింది. అతను అటూ ఇటూ చూశాడు. సొంత ఇంట్లో దొంగలా మునివేళ్ళ మీద నడిచాడు. గిన్నె తీసి, తన పనిముట్ల సంచిలో రెంచీల మధ్య నిలబెట్టి, పైన జనపనార గుడ్డ కప్పి, జిప్పు లాగాడు.

"సాసేదండీ?" అంటూ వచ్చింది ఆమె, చేతిలో నిమ్మచెక్కలతో.

"చెయ్యి జారింది. సింకులో పడిపోయింది. కడిగేశాను," అన్నాడు, ఆమె ముఖం వంక చూడకుండా.

ఆమె సింకు వంక చూసింది. సింకు పొడిగా ఉంది. నీళ్ళు పరీక్షించే మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"ఆకు ఇంకా ఉంది. ఐదు నిమిషాలు ఆగండి, మళ్ళీ కలుపుతాను."

"వద్దు. ఇవాళ వట్టి మాంసమే."

"పోనీ, కాస్త ముందే దించెయ్యండి ఇవాళ. అదమకుండా."

"నాకు కాల్చడం నేర్పుతావా?"

అన్నాక గానీ ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియలేదు. పెళ్ళయ్యాక ఆమెతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. ఆమె నిమ్మచెక్కలు గట్టు మీద పెట్టి, పళ్ళేలు తీసుకుని మేడెక్కింది.

ఆ రోజు అతను కాల్చినట్టు ఎన్నడూ కాల్చలేదు. తిప్పాడు, అదిమాడు, మళ్ళీ తిప్పాడు. సుయ్యి సుయ్యిమని పొయ్యి మోగింది. ముక్కలు ముదురు గోధుమరంగు దాటి నల్లని గీతలు తేలేదాకా ఉంచాడు. అందరికీ వడ్డించాడు. సాసు పడిపోయిందని భార్య చెప్పేలోగా తనే అందుకుని, "ఇవాళ ఏ హంగులూ లేవు. అసలు రుచి తినండి," అన్నాడు.

మౌనం వచ్చింది.

మెకానిక్కు కళ్ళు మూసుకున్నాడు. అదే మౌనం. చెవుల్లో తేనె పోసినట్టుంది. ఈ గెలుపుని నిలబడి చూడటం చాలదనిపించింది. జీవితంలో మొదటిసారి అందరితో పాటు బల్ల దగ్గర, భార్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంచు పీలిక కాదు, నడిమధ్య నుంచి పెద్ద తుంపు కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. మరోసారి నమిలాడు. ముక్క అటు నుంచి ఇటు వచ్చింది గానీ చిన్నది కాలేదు. కాసేపు పక్క పళ్ళకి పని చెప్పాడు. జనపనార గుడ్డని నములుతున్నట్టుంది. మింగుదామంటే గొంతు ఒప్పుకోలేదు. ఏదో ఒక మాట అనాలనుకున్నాడు. నోరు ఖాళీ లేదు.

అప్పుడు తల ఎత్తి చుట్టూ చూశాడు.

ఎవరి నోరూ ఖాళీ లేదు. పళ్ళ డాక్టరు దవడలు గానుగలా తిరుగుతున్నాయి. కణతల దగ్గర నరం ఉబ్బింది. అక్క పళ్ళెం వంక శ్రద్ధగా చూస్తోంది, నిజమే. ఆ శ్రద్ధంతా ఒక ముక్కని పళ్ళెం అంచు కిందికి ఎవరికీ కనబడకుండా నెట్టడం మీద ఉంది. బాబాయి గుక్కెడు నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని, మాత్ర మింగినట్టు మింగాడు. ఇన్నేళ్ళ మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో మెకానిక్కుకి ఒక్కసారిగా అర్థమైంది. చెవుల దాకా వేడెక్కింది.

"ఏరా, నాకిది ఇంటికి కట్టివ్వు," అన్నాడు బాబాయి అలవాటుగా.

"పోనీలే బాబాయ్, మీ పక్కింటి కుక్క కూడా పాపం ఈ మధ్య చిక్కిపోయింది," అంది అక్క. అన్నాక నాలిక కరుచుకుంది.

అక్కే మాట మార్చడానికి, "అది సరే గానీ అమ్మాయ్, సాసేమైంది?" అంది.

మెకానిక్కు పళ్ళెంలోకి తల వంచాడు. ఆమె నోరు విప్పితే చాలు. పొడి సింకు సంగతి ఒక్క మాట చెబితే చాలు.

"నా చెయ్యే జారింది వదినా," అంది ఆమె, తాపీగా. "పొరపాటు నాదే. ఆయన పాపం వద్దన్నా తొందరపడ్డాను."

అతను నోట్లో ముక్కని ఎలా మింగాడో అతనికే తెలియదు. లేచాడు. కిందికి వెళ్ళి, పనిముట్ల సంచిని మేడ మీదకి మోసుకొచ్చి, అందరి ముందూ జిప్పు లాగి, రెంచీల మధ్య నుంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు. మూత మీద కాస్త గ్రీజు మరక ఉంది. చొక్కా అంచుతో తుడిచాడు.

"ఎవరి చెయ్యీ జారలేదు. నేనే దాచాను," అన్నాడు.

"ఎందుకురా?" అన్నాడు బాబాయి, నిజంగానే అర్థంకాక.

"కుళ్ళు," అన్నాడు మెకానిక్కు.

పళ్ళ డాక్టరు ముందు నవ్వాడు. "సాసు మీదా? బామ్మర్దీ, నీకు ఈ సాసు చేసిన మేలు నాకు తెలుసు. ఇది రాకముందు బాబాయి పళ్ళు నెలకోసారి నా దగ్గరికి బాగుకి వచ్చేవి." బాబాయి గొల్లుమన్నాడు. అక్క నవ్వుతూనే తమ్ముడి వీపు మీద ఒకటి చరిచింది. ఆ తర్వాత సాసు వేసుకుని, ముక్కలు సన్నగా కోసుకుని, ఏదో తిన్నామనిపించారు. వెళ్ళేటప్పుడు ఒక్కరూ విందు మాట ఎత్తలేదు. తన మీద జాలితోనే ఎత్తలేదని తెలిసి, అతనికి ఇంకా మండింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఎండ మెత్తబడింది. పొయ్యిలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అతను పిట్టగోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మొదటి ఆదివారం నుంచి."

"ఆ రోజు నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నచ్చిందనుకున్నాను."

"దవడ పట్టేసిందండీ."

అతను తల పట్టుకున్నాడు. "మరి చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? ఆ పొయ్యి ముందు మీ ముఖం ఎలా ఉంటుందో మీరు చూసుకోలేదు. కొత్తగా వచ్చి ఆ వెలుగుని ఆర్పేయమంటారా? అందుకే సాసు మొదలుపెట్టాను. ముక్క గొంతు దిగితే చాలనుకున్నాను. ఇంత పేరొస్తుందని నాకేం తెలుసు?"

అంటే ఇన్నాళ్ళూ తను ఏ గిన్నెని చూసి కడుపు మండించుకున్నాడో, ఆ గిన్నె తన పరువు కాస్తూ వచ్చిందన్నమాట. "పొద్దున నేను అరిచాను," అన్నాడు.

"అరిచారు. రాత్రికి గిన్నెలన్నీ మీరే తోమండి."

"తోముతాను. కానీ ఇక నుంచి నాకు నిజమే చెప్పాలి. ఎంత గట్టిగా ఉన్నా."

"నిజమా, మాంసమా?" అంది ఆమె. ఆ తర్వాత లేచి, కొంగు దోపుకుని, "ఒక పచ్చి ముక్క మిగిలింది. వెయ్యండి. ఆ అట్లకాడ మాత్రం ఇటివ్వండి," అంది.

అతను ముక్కని ఊచల మీద వేశాడు. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. అట్లకాడ కోసం రెండుసార్లు చెయ్యి సాగింది. రెండుసార్లూ ఆమె దాన్ని వెనక్కి దాచుకుంది. ఒకసారి తిప్పాడు. ఇంకా ఎర్రగానే ఉందనిపిస్తుండగా, "దించండి," అంది.

"అప్పుడేనా? పచ్చిగా ఉంటుంది."

"దించమన్నానా."

దించాడు. కోయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ముక్క మీద ఇంకో పళ్ళెం బోర్లించింది. "కాసేపు వదిలెయ్యండి. వేడి సర్దుకుంటే రసం లోపలే ఉంటుంది." తర్వాత కత్తి తనే తీసుకుని, పీచుకి అడ్డంగా ఎలా కోయాలో చూపించింది. లోపల ముక్క గులాబీ రంగులో తడితడిగా మెరిసింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు? మీ ఇంట్లో మాంసం కాల్చేవాళ్ళే లేరుగా," అన్నాడు అతను, తుంపు చేతిలో పట్టుకుని.

"మా బావ కాల్చేవాడు."

"పళ్ళ డాక్టరా? ఆయనకి అగ్గిపుల్ల గీయడమే రాదే."

"ఆయన నాకు అన్నయ్య వరసండీ. బావంటే మా మేనత్త కొడుకు."

తుంపు అతని నోటి దాకా వచ్చి ఆగింది. మేనత్త కొడుకు. మేనబావ. తను కనబడకపోతే ఈ పిల్లని చేసుకునే వరస ఉన్నవాడు. రెండు నెలల్లో ఆమె చుట్టాలందరి గురించీ చెప్పింది. దూరపు పెదనాన్న పిల్లికి ఎన్ని పిల్లలో కూడా చెప్పింది. ఈ బావ మాత్రం ఎక్కడా తగల్లేదు.

"ఎప్పుడూ చెప్పలేదే."

"మీరు అడగలేదు."

"మన పెళ్ళికి వచ్చాడా?"

"వచ్చాడుగా. పొడుగ్గా, గళ్ళ చొక్కా. మీతో భుజం మీద చెయ్యి వేసుకుని ఫొటో దిగాడు. మీరే, చాలా మంచివాడులా ఉన్నాడు, ఒకసారి ఇంటికి రమ్మనాలి అన్నారు."

గుర్తొచ్చాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్విన మనిషి. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే అంత మంచిగా అనిపించలేదు.

"ఏం చేస్తాడు?"

"పెద్ద హోటల్లో. రోజంతా పొయ్యి దగ్గరే. మాంసం కాల్చడమే ఆయన పని."

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదు."

"ఎందుకు కాలేదు?"

"నన్నడిగితే?" ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ఆ ఆపుకోవడం అతనికి అస్సలు నచ్చలేదు.

"అయితే ఈ సాసు కూడా ఆయనే నేర్పాడా?"

"లేదు, సాసు నా సొంతం. సెలవుల్లో వచ్చినప్పుడు ఆయన కాలుస్తూ ఉండేవాడు, నేను పక్కన కూర్చుని ఆకు తరిగేదాన్ని."

నేర్పి ఉంటేనే నయం. ఒకరు కాలుస్తూ, ఒకరు తరుగుతూ, ఒకే పొగలో పక్కపక్కన. పొద్దుటి మంట ఇప్పటి మంట ముందు దిగదుడుపు. గిన్నె అయితే దాచాడు, ఆరడుగుల మనిషిని ఏ సంచిలో పెట్టి జిప్పు లాగాలి?

ఆ మంటతోనే తుంపు నోట్లో వేసుకున్నాడు. పళ్ళు అలా ఆనగానే ముక్క విడిపోయింది. ఉప్పు, పొగ, వెచ్చటి రసం నాలుక మీద పరుచుకున్నాయి. ఇది తన పొయ్యి మీద, తన చేత్తో కాల్చిందేనా? మరో తుంపు తిన్నాడు. కళ్ళు పెద్దవి చేసుకుని ఆమె వంక చూశాడు. ఆమె కూడా ఒకటి నోట్లో వేసుకుని, తల ఊపుతూ, సాసు గిన్నె వంక చెయ్యి చాపకుండానే తింటోంది. ఇంకేమీ అడగకుండా ఉంటే బాగుండేది. కానీ ఉండలేకపోయాడు.

"ఇది బాగుందా, మీ బావది బాగుండేదా?"

"నిజమే చెప్పాలన్నారు."

"చెప్పు."

ఆమె వేలు నాకి, ఆకాశం వంక చూసి, నిజాయితీగా ఆలోచించింది. ఆ ఆలోచన అతనికి ఏడాదిలా గడిచింది.

"ఆయనదే," అంది.

మెకానిక్కు పట్టకారు అందుకున్నాడు. పొయ్యి ముందు వంగి, బూడిద కప్పుకుంటున్న బొగ్గుల్ని ఒక పక్కకి లాగి, బుగ్గలు ఉబ్బించి ఊదాడు. మళ్ళీ ఎర్రబడ్డాయి.

"రేపటి కూరకని ఫ్రిజ్‌లో ముక్కలు దాచావుగా, పట్రా," అన్నాడు.

"ఇప్పుడా? కడుపులో చోటుందా?"

"ఉంది. వస్తూ వస్తూ కొత్తిమీరా, కత్తీ, పీటా కూడా తెచ్చుకో. ఇక్కడ, నా పక్కన కూర్చుని తరుగు."

ఆమె నవ్వు మెట్ల మీద నుంచి కింది వాటా దాకా వినబడింది.